ఉన్నత పాఠశాలలో డిజైన్ – టెక్నాలజీ బోధన

మట్టి నేల మీద నాలుగు కాళ్ల పీట తరచు ఊగుతుంది. ముక్కాలిపీట ఊగదు. ఏ మూడు బిందువులైనా ఒకే సమతలంలో ఉంటాయనే రేఖాగణిత సత్యం దీనికి కారణం. నాలుగో బిందువుకు ఆ హామీ లేదు. పల్లె వడ్రంగి ఈ సూత్రాన్ని పుస్తకంలో చదవకుండానే తరతరాలుగా ముక్కాలిపీటలు చేస్తూ వచ్చాడు. తొమ్మిదో తరగతి విద్యార్థి సమతలం గురించి పరీక్షలో చక్కగా రాస్తాడు గాని, ఇంట్లో ఊగుతున్న బల్ల కింద కాగితం మడిచి పెట్టి ఊరుకుంటాడు. వడ్రంగికి తెలిసినదానినీ విద్యార్థి చదివినదానినీ ఒకే చోటికి తీసుకువచ్చే పాఠ్యాంశమే డిజైన్ – టెక్నాలజీ.

ఈ మాట ఇటీవలి కాలంలో బడుల కరపత్రాలలోను, ప్రవేశ ప్రకటనలలోను విరివిగా కనిపిస్తోంది. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోను, యానాంలోను పిల్లలను చదివించుకుంటున్న తెలుగు కుటుంబాలకు దీని స్వరూపం, చరిత్ర, ఉపయోగం తెలియవలసి ఉంది. ఎనిమిది, తొమ్మిది తరగతులలో తీసుకునే నిర్ణయాలే పదో తరగతి తర్వాతి దారిని చాలావరకు నిర్ణయిస్తాయి.

పాఠ్యాంశ స్వరూపం

ఒక అవసరాన్ని గుర్తించడం, అది ఎవరి అవసరమో కనుక్కోవడం, దానికి తగిన వస్తువును ఊహించి కాగితం మీద గీయడం, కొలతలు వేయడం, పదార్థాన్ని ఎంచుకోవడం, తయారు చేయడం, పరీక్షించడం, లోపం కనిపిస్తే సరిదిద్దడం – ఇవన్నీ ఈ పాఠంలో భాగాలు. పుస్తకాలలో వీటిని ఒకటి, రెండు, మూడు అని వరుసపెట్టి చూపుతారు. నిజానికి పని అలా సాగదు. సగం చేశాక కొలత తప్పినట్లు తెలుస్తుంది, మళ్లీ బొమ్మ దగ్గరికి వెళ్లవలసి వస్తుంది. వెనక్కి వెళ్లినందుకు మార్కులు కోసే ఉపాధ్యాయుడు ఈ పాఠాన్ని చెడగొట్టినట్లే.

దీనిని మూడింటితో పొరబడడం సాధారణం. మొదటిది వృత్తి శిక్షణ. ఐ.టి.ఐ.లో ఫిట్టర్, వెల్డర్ వంటి ఒక పనిలో నైపుణ్యం వచ్చేదాకా సాధన చేయిస్తారు. అది ఉపాధి కోసం. డిజైన్ – టెక్నాలజీ ఏ ఒక్క వృత్తికీ తయారు చేయదు. రెండవది డ్రాయింగు క్లాసు. అక్కడ బొమ్మ అందంగా ఉంటే చాలు, ఇక్కడ ఆ బొమ్మ చూసి వేరొకరు వస్తువును చేయగలగాలి. మూడవది కంప్యూటరు. టెక్నాలజీ అనగానే కంప్యూటరు గది చూపించి ఊరుకునే బడులు అనేకం. కంప్యూటరు ఒక పనిముట్టు మాత్రమే. రంపం, సూది, కొలబద్ద, కుండలు చేసే సారె కూడా టెక్నాలజీయే.

ఇంగ్లండులో పుట్టుక

ఈ పేరుతో ఒక పాఠ్యాంశాన్ని పిల్లలందరికీ తప్పనిసరి చేయడంలో ఇంగ్లండు, వేల్సు ముందు నిలిచాయి. 1988 నాటి విద్యా సంస్కరణ చట్టం జాతీయ పాఠ్యప్రణాళికను ఏర్పరచింది. 1990 నుండి డిజైన్ – టెక్నాలజీ అందులో భాగంగా బోధనలోకి వచ్చింది. అంతకు ముందు అక్కడి బడులలో మగపిల్లలకు కొయ్యపని, లోహపు పని, ఆడపిల్లలకు కుట్టుపని, వంట అని వేరువేరుగా నేర్పేవారు. కొత్త పాఠం వచ్చాక అందరూ అన్నీ నేర్చుకోవలసి వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. పని మగదా ఆడదా అనే ప్రశ్న పోయి, పని ఎలా ఆలోచించి చేశారనే ప్రశ్న వచ్చింది.

అయితే 2004 నుండి 14 – 16 ఏళ్ల విద్యార్థులకు అక్కడ ఈ పాఠం తప్పనిసరి కాకుండా పోయింది. ఆ తర్వాత దానిని ఎంచుకునేవారి సంఖ్య ఎంతగానో తగ్గింది. పని గదులకు, సామగ్రికి అయ్యే ఖర్చు, తగిన ఉపాధ్యాయుల కొరత, విశ్వవిద్యాలయ ప్రవేశాలకు ఉపయోగపడే పాఠాలవైపు బడుల మొగ్గు – ఇవన్నీ కలిసి పనిచేశాయి. 2017లో మొదలైన కొత్త పరీక్షా విధానంలో సగం మార్కులు రాత పరీక్షకు, సగం మార్కులు విద్యార్థి స్వయంగా డిజైన్ చేసి తయారు చేసిన వస్తువుకు కేటాయించారు. సగం మార్కులు చేతిపనికి ఇచ్చిన పరీక్ష మన దేశంలో పదో తరగతి స్థాయిలో సాధారణ పాఠాలలో కనిపించదు.

మన దేశంలో చేతిపని చదువు

పనిద్వారా చదువు అనే ఆలోచన మనకు విదేశాలనుండి వచ్చింది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ ఒక చేతివృత్తిని కేంద్రంగా చేసుకుని, మాతృభాషలో, ఏడేళ్లు ఉచితంగా విద్య నేర్పాలని ప్రతిపాదించారు. జాకిర్ హుసేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం దానికి పాఠ్యప్రణాళిక తయారు చేసింది. నయీ తాలీం అని పేరు పొందిన ఈ విధానంలో రాట్నం తిప్పే పిల్లవాడు నూలు పొడవు కొలిచి లెక్కలు, పత్తి పండే నేలల ద్వారా భూగోళం నేర్చుకోవాలి. ఆలోచన గొప్పది. ఆచరణలో చాలాచోట్ల రాట్నం మిగిలింది, లెక్కలు, భూగోళం జారిపోయాయి.

స్వాతంత్ర్యానంతరం 1952లో నియమితమైన మాధ్యమిక విద్యా కమిషనుకు అధ్యక్షుడు డాక్టర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్. వీరు కర్నూలులో 1887లో కవలలుగా జన్మించిన సోదరులలో ఒకరు. 1953లో వెలువడిన ఆ నివేదిక సాంకేతిక, వ్యవసాయ, వాణిజ్య పాఠాలతో కూడిన బహుళార్థసాధక ఉన్నత పాఠశాలలు నెలకొల్పాలని, ప్రతి విద్యార్థీ ఒక చేతిపని నేర్చుకోవాలని సిఫారసు చేసింది.

అదే 1953లో మద్రాసు రాష్ట్రంలో జరిగిన ఒక సంఘటనను ఈ సందర్భంలో తప్పక చెప్పుకోవాలి. ముఖ్యమంత్రి రాజగోపాలాచారి ప్రాథమిక విద్యలో ఒక సవరణ పథకం ప్రవేశపెట్టారు. గ్రామీణ పాఠశాలలలో చదువు సమయాన్ని తగ్గించి, మిగిలిన పూట పిల్లలు తమ తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకోవాలన్నది దాని సారాంశం. పథకం ప్రకటించిన నాటికి ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది ఆ ఏడాది అక్టోబరు 1న. చాకలి బిడ్డ చాకలిగానే, మంగలి బిడ్డ మంగలిగానే మిగిలిపోవాలా అని తమిళనాట పెద్దయెత్తున నిరసన లేచింది. కులవిద్యా పథకమని దానికి పేరు పడింది. రాజాజీ 1954లో పదవి విడిచారు. ఆయన తర్వాత వచ్చిన కామరాజ్ ఆ పథకాన్ని రద్దు చేశారు.

ఈ చరిత్ర తెలిసిన తల్లిదండ్రులు బడిలో చేతిపని అనగానే అనుమానపడితే అందులో తప్పు లేదు. కుండలు చేసే ఇంటి పిల్లవాడిని చదువుకోమని పంపితే బడిలోనూ మట్టి పిసకమంటారా అని అడిగే తండ్రికి సమాధానం చెప్పవలసిన బాధ్యత బడిదే. తేడా ఒక్కచోట ఉంది. 1953 పథకంలో ఎవరి పని వారికే. డిజైన్ – టెక్నాలజీలో అందరి పనీ అందరికీ. కుమ్మరి బిడ్డ విద్యుత్ వలయం అమర్చాలి, గుమాస్తా బిడ్డ మట్టి పిసకాలి. ఈ నియమం తప్పి, “నీకు అలవాటేగా, నువ్వు చెయ్యి” అని ఒక పిల్లవాడికి ఒక పని అంటగట్టిన రోజున పాఠం పేరు ఏదైనా అది పాత పథకమే.

1964 – 66 మధ్య పనిచేసిన కొఠారి కమిషను “పని అనుభవం” అనే మాటను తెచ్చింది. 1977లో ఈశ్వరభాయ్ పటేల్ సంఘం దానిని “సామాజికోపయోగకర ఉత్పాదక కార్యం”గా మార్చింది. ఎస్.యు.పి.డబ్ల్యు. అనే నాలుగక్షరాలతో నేటి నడివయస్కులందరికీ ఇది గుర్తుండే ఉంటుంది. కొవ్వొత్తులు, సుద్దముక్కలు, కవర్లు అంటించడం, ఎక్కువగా బడి ఆవరణ ఊడ్చడం. ఆ నాలుగక్షరాలకు పిల్లలే “వృథా అయిన పీరియడ్లు” అని మరో అర్థం చెప్పుకున్నారు. నాణ్యమైన మార్కులు లేకపోవడం, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు లేకపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా చేసిన వస్తువు వెనుక ఆలోచించవలసిన ప్రశ్న ఏదీ లేకపోవడం దాని వైఫల్యానికి కారణాలు. కొవ్వొత్తి అచ్చులో మైనం పోయడానికి ఏ నిర్ణయమూ తీసుకోనక్కరలేదు.

పాబళ్ ప్రయోగం

మహారాష్ట్రలోని పుణె జిల్లాలో పాబళ్ అనే కరవు ప్రాంతపు గ్రామం ఉంది. అక్కడ 1983లో డాక్టర్ ఎస్.ఎస్. కల్‌బాగ్ విజ్ఞాన ఆశ్రమం స్థాపించారు. ఆయన ఆహార సాంకేతిక శాస్త్రవేత్త. అమెరికాలో డాక్టరేటు పొంది, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థలోను, తర్వాత హిందుస్థాన్ లీవర్‌లోను పనిచేసి, ఉద్యోగం విడిచి పల్లెకు వచ్చారు. 2003లో కన్నుమూశారు.

గ్రామీణ ఉన్నత పాఠశాలలకు ఆయన రూపొందించిన “ప్రాథమిక సాంకేతిక పరిజ్ఞాన పరిచయం” అనే పాఠ్యాంశానికి మహారాష్ట్ర మాధ్యమిక విద్యామండలి గుర్తింపు లభించింది. 8, 9, 10 తరగతుల పిల్లలు వారానికి ఒక రోజు దీనికి కేటాయిస్తారు. వర్క్‌షాపు – ఇంజనీరింగు, శక్తి – పర్యావరణం, వ్యవసాయం – పశుపోషణ, ఇల్లు – ఆరోగ్యం అని నాలుగు విభాగాలు. ఒక్కో విభాగాన్నీ పిల్లలందరూ చేయాలి, ఎంపిక లేదు. అందుచేత ఆడపిల్ల వెల్డింగు చేస్తుంది, మగపిల్లవాడు వంట చేస్తాడు. నేల పరీక్ష, రక్తపు గ్రూపు నిర్ణయం, ఇంట్లో వైరింగు, కుళాయి గొట్టాల బిగింపు, భూమి కొలత వంటివి పాఠాలు.

ఈ విధానంలో గమనించదగినవి మూడు. బోధకులుగా పట్టణంనుండి డిగ్రీలవారిని తెప్పించే బదులు, వీలైనంత వరకు అదే ఊళ్లో ఆ పని చేసి బతుకుతున్నవారిని తీసుకుంటారు. పిల్లలు చేసే పని నమూనా కాదు, ఊరికి నిజంగా పనికివచ్చే సేవ. ఆ సేవకు ఊరివారు తగిన సొమ్ము చెల్లిస్తారు. ఎవరో డబ్బిచ్చి కొనే వస్తువును నిర్లక్ష్యంగా చేయలేరు, కనుక నాణ్యత గురించి ఉపన్యాసం అక్కరలేదు. ఖర్చులో కొంత భాగం కూడా అక్కడినుండే వస్తుంది. ఇక మూడవది, ఇదంతా పరీక్షా మండలి గుర్తించిన సబ్జెక్టు కావడం. మార్కుల జాబితాలో చోటు లేని పాఠానికి పిల్లల తల్లిదండ్రులూ విలువ ఇవ్వరు, బడి టైంటేబులూ విలువ ఇవ్వదు. పాబళ్ విధానం తర్వాతి కాలంలో బహునైపుణ్య కోర్సుగా జాతీయ నైపుణ్య అర్హతల చట్రంలోనూ స్థానం పొందింది. డిజిటల్ యంత్రాలతో వస్తువులు తయారు చేసే ఫ్యాబ్ ల్యాబ్ 2002లోనే ఆ పల్లెలో వెలిసింది. అమెరికాలోని ఎం.ఐ.టి. వెలుపల ఏర్పడిన తొలి ల్యాబులలో అది ఒకటి.

షోలాపూరు, నాందేడు, చంద్రాపూరు, గడ్చిరోలి జిల్లాల తెలుగువారికి ఈ ప్రయోగం తమ రాష్ట్రంలోనిదే. మిగిలిన రాష్ట్రాలవారు కూడా దీనినుండి తీసుకోవలసింది ఎంతో ఉంది. వారానికి ఒక రోజు పోతే గణితం, సైన్సు వెనకబడవా అనే ప్రశ్న ప్రతి సమావేశంలోనూ వస్తుంది. భూమి కొలతలో త్రిభుజం వైశాల్యం, వైరింగులో ఓమ్ నియమం పిల్లవాడికి చేతికందుతాయి. వాటిని సైన్సు, గణిత ఉపాధ్యాయులు తమ క్లాసులో అందుకుంటే నష్టం లేదు, అందుకోకపోతే మాత్రం ఆ రోజు నిజంగానే పోయినట్లు.

భాష ప్రశ్న

ముంబైలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం 2000 దశకంలో భారతీయ పాఠశాలల కోసం డిజైన్ – టెక్నాలజీ పాఠాలు తయారు చేసి, మాధ్యమిక తరగతుల పిల్లలతో పరీక్షించింది. సంచి తయారీ, గాలిమర నమూనా, తోలుబొమ్మల వంటి బొమ్మలాట – ఈ మూడూ వారు ఎంచుకున్న పనులు. నగరంలోని ఇంగ్లీషు మీడియం పిల్లలు, నగరంలోని మరాఠీ మీడియం పిల్లలు, గ్రామీణ మరాఠీ మీడియం పిల్లలు అని మూడు రకాల తరగతులలో వీటిని జరిపారు. పిల్లలు జట్లుగా చర్చించి, బొమ్మలు గీసి, తమ ప్రణాళికను ఇతర జట్లకు వివరించి, ఆ తర్వాతే చేయడానికి పూనుకునేవారు.

వేరువేరు భాషల, నేపథ్యాల పిల్లలకు ఒకే పాఠం ఎలా పనికివస్తుందనే ప్రశ్న సరిహద్దు గ్రామాలకు మరీ దగ్గరిది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియావో మరాఠీయో, పుస్తకంలో ఇంగ్లీషు. సాంఘికశాస్త్రంలో జవాబు తెలిసినా భాష చాలక నోరు మూసుకునే పిల్లవాడు ఇక్కడ గీసి చూపవచ్చు, చేసి చూపవచ్చు. కొలత వేసిన బొమ్మకు అనువాదం అక్కరలేదు.

పనిముట్ల పేర్లు ఇంకా ఆసక్తికరం. తెలుగులో ఉలి, తమిళంలోనూ కన్నడంలోనూ ఉళి. మన రంపాన్ని తమిళులూ రంపం అంటారు, కన్నడిగులకు గరగస, మరాఠీవారికి కరవత, ఒడియావారికి కరత. ఈ పేర్లన్నీ ఒక గోడ పట్టిక మీద రాయించడం ఒక పీరియడులో అయ్యే పని. షోలాపూరులో మగ్గాల మధ్య పెరిగిన పద్మశాలి పిల్లలకు పడుగు, పేక, నాడె అనే మాటలు ఇంటి మాటలు. బట్ట ఏ దిశలో సాగుతుంది, ఏ దిశలో సాగదు అనే పాఠానికి ఆ మాటలకు మించిన మెట్టు లేదు. తరగతి గదిలో ఆ మాట చెప్పే అవకాశం ఇస్తే ఆ పిల్లవాడే ఆ పూట ఉపాధ్యాయుడు. ఇక్కడా ఒక జాగ్రత్త అవసరం. మాట చెప్పేది అతడు, నేత నేయవలసింది మాత్రం తరగతి మొత్తం.

ఒక పాఠం నమూనా: వ్యాసపీఠం

పని గది లేని బడిలో ఈ పాఠం ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. నేల మీద కూర్చుని చదివేవారికి పుస్తకం నిలబెట్టే వ్యాసపీఠం ఎనిమిదో తరగతికి తగిన పని. కిరాణా దుకాణంలో దొరికే సరుకుల అట్టపెట్టె, కొలబద్ద, కోణమానిని, కత్తెర లేదా కత్తి, పెన్సిలు ఉంటే చాలు.

మొదటి పీరియడులో చేతితో ఏమీ చేయరు. ఎవరి కోసమో తేల్చుకుంటారు. భాగవతం చదివే నాయనమ్మ కోసమా, మొదటి తరగతి చెల్లెలి కోసమా? ఇంటికి వెళ్లి ఆమెను అడిగి రావాలి. ఏ పుస్తకం, ఎంత బరువు, ఎంత దూరంలో పెట్టుకుంటే అక్షరాలు కనిపిస్తాయి, చదివాక ఎక్కడ దాస్తారు? ఈ సంభాషణ ఇంట్లో తెలుగులో జరుగుతుంది, నివేదిక బడి భాషలో రాస్తారు. రెండు భాషలూ పనిలోకి వస్తాయి.

తర్వాత ఇటుకల మీద పలకను రకరకాల వాలులో ఆనించి, పుస్తకం పెట్టి, చదివేవారికి అనుకూలమైన కోణాన్ని కొలుస్తారు. కనీసం మూడు రకాల బొమ్మలు గీయాలి. మొదట తోచినదానితోనే ఆగిపోవడం పెద్దలకూ ఉన్న అలవాటే, మూడో బొమ్మ గీసేటప్పుడు గాని అసలు ఆలోచన మొదలుకాదు. ఎంచుకున్న బొమ్మకు కొలతలు వేసి, పక్క జట్టుకు ఇచ్చి, ఏమీ అడగకుండా వారికి అర్థమైందో లేదో చూస్తారు.

ఇక అట్ట సంగతి. సరుకుల పెట్టె అట్టను అంచున చూస్తే రెండు కాగితాల మధ్య అలల్లాంటి ముడతలు కనిపిస్తాయి. ముడతల గీతలు నిలువుగా ఉండేలా కాలు కోస్తే అది బరువు మోస్తుంది, అడ్డంగా కోస్తే వంగిపోతుంది. ఈ మాట ముందే చెప్పేయకూడదు. రెండు విధాలా కోసి, పైన పుస్తకాలు ఒక్కొక్కటే పేర్చి, ఎన్నింటికి కూలిందో పట్టికలో రాసుకున్న పిల్లలకు అది జీవితంలో మరచిపోయే విషయం కాదు.

వాలు పలకను, రెండు త్రికోణపు కాళ్లను గాడి కోసి ఒకదానిలో ఒకటి దూర్చితే జిగురు లేకుండానే నిలుస్తుంది, విప్పి గోడకు ఆనించి దాచుకోవచ్చు. గాడి వెడల్పు అట్ట మందానికి సమానం కావాలి. ఎక్కువైతే ఊగుతుంది, తక్కువైతే అట్ట నలుగుతుంది. మిల్లీమీటరు విలువ ఎంతో ఆ గాడి దగ్గర తెలుస్తుంది. పుస్తకం జారకుండా అడుగున చిన్న అంచు కావాలని చాలా జట్లకు మొదట తోచదు. జారిపోయాక తోస్తుంది.

చివరి పీరియడులో వస్తువు ఇంటికి వెళుతుంది. వారం రోజులు వాడిన తర్వాత నాయనమ్మ ఏమన్నదో రాసుకుని రావాలి. ఆమె వాడకుండా మూలన పెట్టి ఉంటే ఎందుకో కనుక్కోవాలి. ఎంత అందంగా ఉన్నా వాడని వస్తువు తప్పినట్లే, అయితే ఆ కారణాన్ని సరిగా కనిపెట్టి రాసిన విద్యార్థి తప్పినట్లు కాదు. మార్కులు వేసేటప్పుడు తుది వస్తువు నాణ్యతకు మూడో వంతుకు మించి ఇవ్వకపోవడం మంచిది. మిగిలినవి విచారణకు, బొమ్మలకు, పరీక్షకు, మార్పులకు చెందాలి. లేకపోతే ఇంట్లో అన్నయ్య చేసి పెట్టిన వస్తువుకే మొదటి బహుమతి వస్తుంది. ప్రాజెక్టుల పేరుతో బజారులో అమ్మే థర్మాకోల్ నమూనాలు ఇలాంటి మార్కుల విధానం వల్లే పుట్టాయి.

భద్రత గురించి తల్లిదండ్రులు నిర్మొహమాటంగా అడగాలి. కత్తితో కోసేటప్పుడు ఉక్కు కొలబద్ద ఆధారంగా, వేళ్లకు దూరంగా కోయాలి. రంపం, డ్రిల్లు దగ్గర కళ్లద్దాలు తప్పనిసరి. ఓణీ కొంగు, విడిజడ, గాజులు, వదులు చేతుల చొక్కా తిరిగే యంత్రం దగ్గరికి రాకూడదు. విద్యుత్తు పాఠాలకు బ్యాటరీలే వాడాలి. గోడ ప్లగ్గులోని 230 వోల్టులతో పిల్లలు ప్రయోగాలు చేయనక్కరలేదు. ఉపాధ్యాయుడు లేకుండా పని గది తెరవకూడదు.

ఇప్పటి పరిస్థితి, ముందు దారులు

2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరో తరగతి నుండే వృత్తి పరిచయం ఉండాలని, 6 – 8 తరగతుల మధ్య పుస్తకాల సంచి లేని పది రోజులు స్థానిక వృత్తిదారుల వద్ద గడపాలని చెప్పింది. 2023 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం పనులను మూడు రకాలుగా విభజించింది: జీవులతో పని, యంత్రాలు – పదార్థాలతో పని, మానవ సేవలలో పని. దానికి అనుగుణంగా ఎన్.సి.ఇ.ఆర్.టి. 2024 నుండి “కౌశల్ బోధ్” అనే పుస్తకాలు వెలువరించడం ప్రారంభించింది. తమిళనాడు ఈ జాతీయ విధానాన్ని అంగీకరించలేదు. అక్కడ రాష్ట్ర ప్రణాళికే వర్తిస్తుంది. అందుచేత హొసూరు పిల్లవాడికి ఉన్న పాఠం పక్క తాలూకాలోని కర్ణాటక పిల్లవాడికి ఉండకపోవచ్చు. సరిహద్దు దాటి బడి మార్చే కుటుంబాలు ఈ సంగతి ముందే విచారించుకోవాలి.

పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలలు ఇటీవల సి.బి.ఎస్.ఇ.కి మారడంతో యానాం పిల్లలకు ఒక వెసులుబాటు వచ్చింది. సి.బి.ఎస్.ఇ. పదో తరగతిలో ఆరో సబ్జెక్టుగా నైపుణ్య పాఠం తీసుకుని ఉత్తీర్ణులైనవారు గణితం, సైన్సు, సాంఘికశాస్త్రాలలో ఒకదానిలో తప్పితే, ఆ స్థానంలో నైపుణ్య పాఠం మార్కులను లెక్కిస్తారు. ఇది తెలియక ఆ పాఠాన్ని వదులుకుంటున్న కుటుంబాలు ఉన్నాయి. పై తరగతులలో గణితం చదవదలచినవారు మాత్రం దీనిమీద ఆధారపడకూడదు.

2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం కింద ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయం అందింది. త్రీడీ ప్రింటరు, ఎలక్ట్రానిక్ విడిభాగాలు, చేతి పనిముట్లు వీటిలో ఉంటాయి. దేశవ్యాప్తంగా పదివేల ల్యాబులు వెలిశాయి. 2025 కేంద్ర బడ్జెటులో ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలలలో మరో యాభైవేలు నెలకొల్పుతామని ప్రకటించారు. పరికరాలు వచ్చినంత తేలికగా ఉపాధ్యాయులు రారు. అట్టపెట్టెతో ఆలోచింపజేయలేని బడి త్రీడీ ప్రింటరుతో తాళపుచెవుల గుత్తికి బిళ్లలు మాత్రమే ముద్రిస్తుంది.

ఈ పాఠం చదివినంత మాత్రాన ఉద్యోగం రాదు. కాని దారులు తెరుచుకుంటాయి. ఐ.టి.ఐ.లో కొన్ని ట్రేడులకు ఎనిమిది, చాలావాటికి పదో తరగతి అర్హత. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. ఇంటర్మీడియెట్ తర్వాత డిజైన్ డిగ్రీ చదవవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ డిజైన్ సంస్థ, ఎన్.ఐ.డి., 2015లో ప్రారంభమైంది. హైదరాబాదులో నిఫ్ట్ ఉంది. బొంబాయి ఐ.ఐ.టి. నిర్వహించే యూసీడ్ పరీక్షను ఇంటర్మీడియెట్‌లో ఏ గ్రూపు చదివినవారైనా రాయవచ్చు. హైదరాబాదు ఐ.ఐ.టి.లో డిజైన్ డిగ్రీ ప్రవేశాలూ దాని ద్వారానే జరుగుతాయి. ఆ పరీక్షలో చేతితో బొమ్మ గీసే భాగం ఉంటుంది. ఎనిమిదో తరగతినుండి కొలతలతో గీయడం అలవాటైన పల్లె విద్యార్థికి అక్కడ పట్టణ విద్యార్థితో సమానంగా నిలిచే వీలుంది.

బడిలో ఈ పాఠం జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి పెద్ద విచారణ అక్కరలేదు. పిల్లల నోటు పుస్తకంలో కొట్టివేసిన బొమ్మలు, మార్చిన కొలతలు ఉన్నాయా చూడాలి. ఆడపిల్లల చేతికి రంపం, మగపిల్లల చేతికి సూది అందుతున్నాయా అడగాలి. టైంటేబులులో ఉన్న ఆ పీరియడును గణితం రివిజనుకు ఎన్నిసార్లు ఇచ్చేశారో పిల్లలే చెబుతారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలలో ఏర్పడే నిర్వహణ సంఘంలో నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులే కావాలి, సభ్యులలో సగం మంది మహిళలు ఉండాలి. తాళం వేసి ఉన్న ల్యాబు ఎప్పుడు తెరుస్తారు, దాని తాళం ఎవరి వద్ద ఉంది అనే ప్రశ్నను ఆ సమావేశంలో అడిగి, సమాధానాన్ని తీర్మానాల పుస్తకంలో రాయించవచ్చు.